ఆరిపోయిన తెర

చూపులేని ఆ ప్రోగ్రామరు కంప్యూటర్ తెరను ఎప్పుడూ ఆర్పే ఉంచుతాడు. తల ఓ పక్కకు వాల్చి, చెవిలో గబగబా చదివే కంప్యూటర్ గొంతు వింటూ, తనలాంటివాళ్లకు తెర చదివిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సరిదిద్దుతుంటాడు. ఆ రోజు పన్నెండింటికి దాని కొత్త వెర్షన్ అందరికీ వెళ్లాలి. పావుగంట ఉందనగా, తన చివరి మార్పును పరీక్షిస్తుంటే గొంతు ఠక్కున ఆగింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఎవరి సాయమూ అడగనివాడు భార్యను కేకేశాడు.

"ఏమోయ్, తెర మీద ఏముందో చూడు!"

"నల్లగా ఉందండీ."

"చచ్చాం! మొత్తం పోయింది!"

"పోవడమేంటి, మీరే ఆర్పారుగా మహానుభావా!" ఆవిడ తెర వెలిగించి చదివింది. "'గొంతు ఆగిపోయింది. వివరాలకు తెర చూడండి.' చూపులేనివాళ్లను చూడమన్న ఆ మేధావి ఎవరండీ?"

నిరుడు ఆ వాక్యం రాసింది తనే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవడో తలమాసినవాడులే. తప్పు ఎక్కడుందో చదువు."

ఆవిడ చదువుతుంటే ఆయన దిద్దాడు. పన్నెండుకు రెండు నిమిషాలుండగా గొంతు తిరిగొచ్చింది. ఆ రెండు నిమిషాల్లో ఆయన ఆ వాక్యం చెరిపేసి, దాని చోట, గొంతు ఆగితే గంట మోగేలా పెట్టాడు.