బిస్కెట్ల తుఫాను

మూడు వందల రూపాయలు, నూట ఇరవై కుర్చీలు, ఒక మైకు. మొదట్లో నా దగ్గరున్నవి ఇవే. వీటితో నిన్న విశాఖపట్నానికి తుఫాను తెప్పించాను. ఆకాశంలో మబ్బు ముక్క లేకుండా! నవ్వండి, నవ్వండి. టీ చల్లారేలోపు మొత్తం చెప్పేస్తాను, నాకు ఇంకో పనుంది.

మా కాలేజీలో నెలకో ఉపన్యాసం పెడుతున్నామని తెలుసు కదా. పేరు 'ఊరితో ఒక సాయంత్రం'. ఐడియా నాదే. కాలేజీ గోడ అవతలున్నవాళ్లు లోపలికి రావాలి, వినాలి, వాళ్లూ మాట్లాడాలి. స్టాటిస్టిక్స్ చదివేవాణ్ని కాబట్టి హాజరు లెక్క కూడా నేనే రాసేవాణ్ని. బయటి నుంచి వచ్చినవాళ్లు మొదటి నెల నలుగురు, రెండో నెల ఇద్దరు, మూడో నెల ఒక్కడు. ఆ ఒక్కడూ టీ గ్లాసులు పట్టుకెళ్లడానికి వచ్చినవాడు. ఈ వరస ఎటు పోతోందో చెప్పడానికి స్టాటిస్టిక్స్ అక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "చూడు శ్రీనూ, శనివారాలు ఆ హాలు కావాలని కంప్యూటర్ కోచింగ్ వాళ్లు అడుగుతున్నారు. నీకిది ఆఖరి ఛాన్సు. బయటివాళ్లు యాభై మంది రాకపోతే ఊరూ లేదు, సాయంత్రమూ లేదు."

యాభై! అంతేనా అనుకున్నాను. కాలేజీ ముందు బీచ్ రోడ్డు దాటితే జాలరిపేట. రెండొందల గడప. గడపకి నలుగురు చొప్పున ఎనిమిది వందలు. పదహారు మందిలో ఒక్కరొస్తే చాలు. వక్త కూడా దొరికారు, వాతావరణ కేంద్రంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. అంశం 'తుఫాను ఎలా పుడుతుంది?' అసలే నవంబరు నెల. సముద్రం మీద బతికేవాళ్లకి ఇంతకంటే కావలసిందేముంది?

ప్రచారానికి కంచరపాలెం గోవిందు బావ ఆటో, దాని మీద మైకు. మూడొందలూ దానికే సరి. శుక్రవారం సాయంత్రం బావకి ఇంకో కిరాయి ఉందట. "బేగి తిరిగీసి ఎల్లిపోవాల బావా" అన్నాడు. ఆ స్పీడులో ఆటో ఒక సందు దాటడానికి పన్నెండు సెకన్లు. నేను రాసిన ప్రకటన చదవడానికి నలభై అయిదు. వాచీ ముందు పెట్టుకుని కోత మొదలెట్టాను. కాలేజీ పేరు పోయింది. వక్తగారి డిగ్రీలు పోయాయి. 'ఉపన్యాసం' అంటే జనం ఆ దరిదాపులకి రారని దాన్ని అన్నిటికంటే ముందే కొట్టేశాను. చివరికి మిగిలింది ఇది:

"జాలరి సోదరులారా! తుఫాను! రేపు సాయంత్రం అయిదు గంటలకి ఇంటిల్లిపాదీ కాలేజీ హాలుకి రండి! టీ, బిస్కెట్లు ఇవ్వబడును!"

సరిగ్గా పదకొండు సెకన్లు! నన్ను నేనే మెచ్చుకున్నాను. గోవిందు బావ గొంతు సంగతి మీకు తెలుసుగా. ఆయన నమస్కారం పెట్టినా ఎవరో పోయారన్నట్టే ఉంటుంది.

నిన్న మూడున్నరకే ఒక ముసలమ్మ వచ్చింది. నూకాలమ్మట. నెత్తిమీద రేకుపెట్టె, చంకలో గంప, గంపలో కోడి. నా పుస్తకంలో మొదటి గీత గీశాను. నాలుగయ్యేసరికి గేటు దగ్గర వరస! చాపలు, బిందెలు, చుట్టిన వలలు, కిరసనాయిలు స్టవ్వులు, రెండు మేకలు. నూట నలభై మూడు గీతలు, మేకల్ని కలపకుండానే! ఇంటి దగ్గర కాపలా ఎవరూ లేక సామానుతో సహా వచ్చేశారు పాపం, ఎంత శ్రద్ధ అనుకుని నాకు కళ్లు కూడా చెమర్చాయి.

ఒకాయన వచ్చి, "బాబూ, ఆడోళ్లకి ఏ గది?" అన్నాడు.

"మా కాలేజీలో అందరూ కలిసే కూర్చుంటారండీ" అన్నాను గర్వంగా.

వెనకాల ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఎప్పుడూ పులిహోర పొట్లాలు గదేటే ఇస్తారు?"

"ఈపాలి బిస్కెట్లంట. పెద్దదే వత్తన్నట్టుంది."

అప్పటికైనా నాకు వెలగాలా? వెలగలేదు. నూకాలమ్మ స్టేజీ పక్కన స్టవ్వు ముట్టించి, ఎసరు పెట్టి, తీరిగ్గా అడిగింది.

"బాబూ, ఎన్నాళ్లుండాల?"

"గంటన్నరే మామ్మా."

"గంటన్నరకే ఎల్లిపోద్దేటి?"

"ఆఁ, ప్రశ్నలూ జవాబులతో కలిపి."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. "తుఫానుకి ప్రెశ్నలేట్రా?"

అప్పుడు వెలిగింది. ఆ పేటలోకి మైకు ఆటో అలా పరుగెత్తుకుంటూ వచ్చేది ఒక్క పనికే, తుఫాను వస్తోందని చెప్పడానికి. ఆ జనాన్ని తెచ్చి ఉంచేది ఈ హాల్లోనే. మూడు నెలలుగా ఇక్కడ కుర్చీలు లెక్కపెడుతున్నాను, ఆ సంగతి మాత్రం నా లెక్కలోకి రాలేదు.

ఊరిపెద్ద పోలయ్య అందరికంటే చివర వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. తెల్లవారుజామున ఒక్క తెప్పనీ నీళ్లలోకి దిగనివ్వలేదట. అన్నిటినీ పైకి లాగించి, కట్టించి, అప్పుడు వచ్చాడు. చేతులు కట్టుకుని అసలు సంగతి చెప్పాను. హాలంతా నా వైపే తిరిగింది. కోడి కూడా.

"పొద్దున్న ఆకాశం అద్దంలాగుంది" అన్నాడాయన మెల్లగా. "రేడియోలో సెప్పనేదు. పోర్టులో జెండా ఎత్తనేదు. నాకూ డౌటొచ్చింది. అయినా మైకొచ్చింది గదా, మైకు అబద్దమాడదు గదా అనీసి అందర్నీ ఆపీసినాను. ఎనభై తెప్పలు బాబూ. ఇయ్యాల వేట నేదు."

తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. పదకొండు సెకన్లు, ఎనభై తెప్పలు. జీవితంలో మొదటిసారి నాకు భాగహారం చెయ్యబుద్ధి కాలేదు.

సరిగ్గా అప్పుడే వక్తగారు దిగారు, చంకలో ప్రొజెక్టర్ మీద పెట్టే షీట్ల ఫైలుతో. సంగతి విన్నారు. అయిపోయాను అనుకున్నాను. ఆయన మైకు దగ్గరికి వెళ్లి జనాన్నీ, చాపల్నీ, బిందెల్నీ ఒక్కొక్కటే చూశారు.

"ముప్పై ఏళ్లు తుఫాను హెచ్చరికలు రాశాను" అన్నారు చివరికి. "రాయడం, రేడియోవాళ్లకి పంపడం, అంతే. విన్నవాళ్లు కదిలారో లేదో ఎప్పుడూ నా కళ్లతో చూడలేదు. కదులుతారన్నమాట." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కదలమేటి బాబూ? పిల్లలున్నోళ్లం" అంది నూకాలమ్మ. ఒక క్షణం ఆగి, "కోడి కూడా ఉంది" అంది.

ముందు పోలయ్య నవ్వాడు. తర్వాత హాలంతా.

ఆయన ఫైలు విప్పనే లేదు. బోర్డు మీద సుద్దముక్కతో గాలి సుడి గీశారు. పోలయ్య లేచి వెళ్లి ఆ సుడి పక్కన ఒడ్డు గీసి, పేట ఎక్కడుందో చుక్క పెట్టాడు. గాలి ఎటు తిరిగితే భయపడాలో వక్తగారు చెబితే, నీటి రంగు ఎలా మారితే వెనక్కి తిరగాలో పోలయ్య చెప్పాడు. ఏడున్నర దాకా ఎవరూ లేవలేదు. నేను అప్పు మీద తెచ్చిన బిస్కెట్లు యాభై మందికే. ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేసి పంచాను.

ప్రిన్సిపాల్ గారు చివరి వరసలో మేక పక్కన కూర్చుని అంతా విన్నారు. వెళ్తూ వెళ్తూ అన్నారు. "నూట నలభై మూడు అని రాయకు. వీళ్లు ఉపన్యాసానికి రాలేదు, ప్రాణభయంతో వచ్చారు. వచ్చే నెల తెలిసి రావాలి. అప్పుడు యాభై చూపించు, హాలు నీదే."

తెలిసి నా మొహం చూడ్డానికి ఎవరొస్తారు? దారి ఒక్కటే. పోలయ్య మాట్లాడితే పేటంతా వస్తుంది. గేటు దాకా ఆయన వెనకాలే పరుగెత్తాను.

"తాతా, వచ్చే నెల మీరే మాట్లాడాలి. సముద్రం గురించి."

"నానా? మైకులోనా?" పెద్దగా నవ్వి, తర్వాత నవ్వు ఆపేశాడు. "వత్తాను. ముందు ఇంటింటికీ ఎల్లి ఆ మైకు నీదని, సర్కారోళ్లది కాదని సెప్పు. నేకపోతే నిజంగా తుఫానొచ్చిన్నాడు మావోళ్లు కదలరు."

"రేపే చెప్తాను తాతా."

"ఇంకోటి. ఒక వేట పోగొట్టినావు. ఒక వేటకి రా. సోమారం తెల్లారగట్ల నాలుగింటికి నా తెప్పెక్కు. సముద్రం సూడనోడివి, సముద్రం మీద మీటింగేటి పెడతావు?"

ఇవాళ పొద్దుటి నుంచీ తిరిగాను. రెండొందల గడపలూ అయ్యాయి. నూట యాభై ఇళ్లలో నవ్వారు. నలభై తొమ్మిది ఇళ్లలో తిట్టారు. నూకాలమ్మ మాత్రం ఎండుచేపల పులుసుతో అన్నం పెట్టింది.

ఇక మిగిలింది తెప్ప. వస్తూ వస్తూ దగ్గరికెళ్లి చూశాను. నాలుగు దుంగలు తాళ్లతో కట్టి ఉన్నాయి, అంతే! అంచు లేదు. పట్టుకోడానికి ఏమీ లేదు. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకొస్తాయట. "అదే నాకు ఫ్యాను" అన్నాడు పోలయ్య తాత. నాకేమో ఈత రాదు. విశాఖపట్నంలో పుట్టి పెరిగి, సముద్రంలో మోకాలు దాటి దిగినవాణ్ని కాదు.

అందుకే లేస్తున్నాను. గోవిందు బావ ఈ వేళకి ఆటో స్టాండులో ఉంటాడు. మైకు వద్దు, స్టెప్నీలో ట్యూబు ఒక్కరోజు ఇమ్మని అడగాలి. ఆటో ట్యూబు కొంచెం చిన్నదే, నా నడుము ఇరవై ఎనిమిది అంగుళాలు. లెక్క ప్రకారం పట్టాలి. నా లెక్కల సంగతి మీకిప్పుడు తెలిసిందే కదా!