పైన ఏమీ లేదు

ఆ రోజుల్లో కంప్యూటరంటే చెప్పులు బయట విడిచి వెళ్ళి చూడాల్సిన వస్తువు. దాన్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, మేం వరండాలో ఫ్యాను కింద ఉక్కపోతకి విసనకర్రలు ఊపుకుంటూ ఉండేవాళ్ళం. ఎనభైల చివర్లో గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీద అలాంటి ఆఫీసులో చేరాను. ఓనరుగారు మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుతానన్నారు. మూడో నెలలో ఉత్తరాలు టైపు చేసుకునే ఎడిటరు ప్రోగ్రాము రాసే పని నాకిచ్చారు. దాన్ని మొదట వాడబోయేది చర్చి ఆఫీసులో ఏళ్ళ తరబడి టైపు కొడుతున్న అమ్మగారు. "ఆవిడకి నచ్చిందా, చర్చివాళ్ళు మెషిను కొంటారు, నువ్వుంటావు. నచ్చలేదా, మీ దర్శి బస్సు ఎక్కడ ఎక్కాలో నీకు తెలుసుగా" అన్నారు. (దర్శిలో మా నాన్న మిరపచేలో మందు కొట్టే పంపు నాకోసమే ఎదురుచూస్తోంది.)

తొలిసారి వచ్చినప్పుడు అమ్మగారు కీబోర్డుమీద పైబాణం నొక్కారు. కర్సరు, అదే తెరమీద మెరిసే గీత, అప్పటికే మొదటి లైనులో ఉంది, ఇంకెక్కడికి పోతుంది? మెషిను కుయ్యిమని 'ఇన్‌వాలిడ్ కర్సర్ మూవ్‌మెంట్' అంది. ఆవిడ చప్పున చేతులు వెనక్కి తీసుకుని "సారీ అండి" అన్నారు, మెషినుతో. అలా పావుగంటలో పదకొండు సారీలు చెప్పి, నీరసంగా వెళ్ళిపోయారు. నాకు ప్రాణం ఉసూరుమంది. అంత పెద్దావిడని తిట్టడానికి ఈ డబ్బా ఎవరు? ఆ వారమంతా కూర్చుని మెషిను అనే ఆ మాటలన్నీ తెలుగులోకి మార్చి, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేశాను. నా అంతవాడు గుంటూరు జిల్లాలో లేడనుకున్నాను.

ఆదివారం ఆరాధనలో పంచే కాగితం టైపు చేయడానికి అమ్మగారు మళ్ళీ వచ్చారు. పైబాణం నొక్కారు. మెషిను కుయ్యిమంది. తెరమీద 'పైన ఏమీ లేదు' అని పడింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు.

"ఏం బాబూ, పైన ఏమీ లేదా?"

"లేదండి" అన్నాను హుషారుగా. "నేను స్వయంగా చూశానండి. ఎంత ప్రయత్నించినా దండగే."

వెనక ఓనరుగారు దగ్గారు. కాఫీ పొలమారిందనుకున్నాను.

"మరి కింద?"

"కిందా ఏమీ లేదండి. వట్టి ఖాళీ. మీరేం భయపడక్కర్లేదు."

"నరకం కూడా తీసేశావన్నమాట" అన్నారావిడ.

అప్పుడు వెలిగింది నాకు. ఏసీ గదిలో ఒళ్ళంతా చెమటలు పట్టాయి, కళ్ళముందు మందు పంపు కనిపించింది. అమ్మగారు మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని కుర్చీ కదిలేలా నవ్వుతున్నారు. కాసేపటికి తేరుకుని, "లేనిదాని గురించి ఎందుకు బాబూ? నేనెక్కడున్నానో చెప్పు, ఎటు పోవాలో చెప్పు, చాలు" అని తనే టైపు చేసి చూపించారు: 'ఇది మొదటి లైను. కిందికి రండి.' ఆ తర్వాత ఓనరుగారి వైపు తిరిగారు. "ఈ అబ్బాయిని ఉంచండి. దేవుడి సంగతి తెలియకపోయినా మనుషులంటే జాలుంది."

ఆ తర్వాత ఎన్ని ఎడిటర్లు రాశానో. ఇప్పటివి అసలు నోరే విప్పవు, పైబాణం ఎంత నొక్కినా గీత ఉన్నచోటే మెరుస్తుంది. అమ్మగారు పోయి చాలా ఏళ్ళైంది. పైన ఏముందో ఈపాటికి స్వయంగా చూసే ఉంటారు. నేనేమో ఈమధ్య మేడమెట్లెక్కి, ఎందుకొచ్చానో మర్చిపోయి నిలబడుతున్నాను. "పైన ఏముందండీ అంతసేపు?" అని కిందినుంచి మా ఆవిడ కేకేస్తుంది. 'ఏమీ లేదు' అనబోయి నాలిక్కరుచుకుంటాను.

"ఇది చివరి మెట్టు. కిందికి వస్తున్నాను" అంటాను.