పదకొండు నిమిషాల సంజాయిషీ

కుందలహళ్ళిలోని ఆ కార్యాలయంలో సర్వర్ గదికి పంతొమ్మిదేళ్ళుగా కాపలా, సంరక్షణ అన్నీ ఓబులేషే. యంత్రం నిలిచిపోతే అయిదు నిమిషాల్లోగా స్విచ్ ఆపి మళ్ళీ నడిపించాలన్నది అక్కడి నియమం. అద్దం కట్టించి మరీ గోడకు వేలాడదీశారు. ఒకే నెలలో మూడుసార్లు సర్వర్ ఉలుకూ పలుకూ లేకుండా నిలిచిపోయింది. మూడుసార్లూ అతడు నియమం పాటించాడు. అందుకు ప్రతిఫలంగా మెమో వచ్చింది: "అజాగ్రత్త వలన స్విచ్ ఆపివేసితిరి. తప్పు అంగీకరించి సంతకము చేయవలెను." విచారణ లేదు, సాక్ష్యం లేదు, సంతకానికి మాత్రం శ్రద్ధగా గీత గీసి ఉంచారు.

"చెయ్యి తగిలుంటాది లేప్పా. సంతకం పెట్టెయ్, మర్చిపోదాం," అన్నాడు మేనేజర్ హేమంత్‌కుమార్.

"తగల్లేదు సార్."

కోపం రావలసిన చోట ఓబులేష్‌కు ఏమీ రాలేదు. సంతకం లేని ఆ కాగితాన్ని మడిచి, తన నియామకపత్రం పక్కనే ఫైల్లో పెట్టుకున్నాడు.

యంత్రం ఎందుకు నిలుస్తోందో వెతుకుతున్న కంప్యూటర్ భద్రతా విభాగంలోని ఆశ తల పట్టుకుంది. "నువ్వు రీస్టార్ట్ చేస్తానే మెమరీ అంతా తుడుచుకపోతాది అన్నా. శవాన్ని కాల్చేసి పోస్ట్‌మార్టం చెయ్యమంటే నేనేం చేసేది?"

నాలుగోసారి మిట్టమధ్యాహ్నం నిలిచింది. ఓబులేష్ ఆశకు కబురు చేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అయిదో నిమిషం దాటింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అతడు గోడమీది నియమాన్ని మరొకసారి చదువుకున్నాడు. పదకొండో నిమిషానికి ఆశ మెమరీ నకలు తీయడం ముగించింది.

లోపం ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. నెట్‌వర్క్‌లో ముక్కలుగా వచ్చే సమాచారాన్ని అతికించే చోట, బయటివాడెవడో వంకర ముక్క ఒకటి పంపితే చాలు. యంత్రం దాన్ని అతికించబోయి అక్కడే తిరుగుతూ ఇంకెవరికీ బదులివ్వదు. స్విచ్ జోలికే పోనక్కరలేదు. ఆ లోపాన్ని సరిచేసే దిద్దుబాటు ప్యాచ్ రెండు నెలల కిందటే వెలువడింది. దాన్ని వేయించవలసినవాడు హేమంత్‌కుమార్. ఆ ముక్క ఏ మెమోలోకీ ఎక్కలేదు.

మొదటి మెమో రద్దయినట్టు ఉత్తరం వచ్చింది. దాని వెంటే రెండో మెమో: సర్వర్‌ను పదకొండు నిమిషాలు నిలిపి ఉంచి నియమాన్ని ఉల్లంఘించితిరి.

"దీనికీ పెట్టవా ఏంది?" అన్నాడు హేమంత్‌కుమార్.

"ఇది నేను చేసిందే కదా సార్."

ఓబులేష్ గీత మీద పూర్తిపేరు రాశాడు. పెన్ను తిరిగిచ్చి, "నాకొక నకలు ఇప్పించండి," అన్నాడు. అది చేతికొచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆపైన పాత మెమో, రద్దు ఉత్తరం, ఈ నకలు, మూడు కాగితాలనూ తేదీల వరుసలో ఫైల్లో పెట్టుకుని, సర్వర్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.