పలచన చేస్తే పడిన గీత

1996. సిద్దిపేటలో ఒక చిన్న నర్సింగ్ హోమ్. మెట్ల కింది గదే మా ల్యాబ్. బీఎస్సీ తర్వాత ల్యాబ్ కోర్సు చేసి, అక్కడ నాలుగేళ్లుగా టెక్నీషియన్‌గా ఉన్నాను. నా పాపకు ఎనిమిది నెలలు. పాలకు వేళవుతుందని ఆ రోజుల్లో ప్రతి పనీ తొందరగా ముగించేదాన్ని.

దుబ్బాక నుంచి కనకలక్ష్మి అనే నేతపని ఆమె తన అత్తతో వచ్చింది. మూడు నెలలుగా నెలసరి లేదు. ఆగని వాంతులు, రెండు రోజులుగా ఎర్ర మరకలు. డాక్టరమ్మ కాన్పు గదిలో ఉండి, ముందు ప్రెగ్నెన్సీ టెస్టు చేయమని కబురు పెట్టారు.

గర్భం నిలిచిన తొలి రోజుల్లోనే, బిడ్డకు తిండి అందించే మాయగా మారే కణాలు హెచ్‌సీజీ అనే ప్రొటీన్‌ను పంపుతాయి. నెలసరి ఆపమని తల్లి ఒంటికి అందే సంకేతం అది. మూత్రంలో అది ఉంటే కార్డు మీద రెండో గీత పడుతుంది. పడలేదు. రిజిస్టర్లో ‘నెగెటివ్’ అని రాసి చీటీ ఇచ్చాను.

“నేను చెప్పలే? మగ్గం దిగెతందుకు ఏషాలు గివి,” అన్నది అత్త. “నడువ్, బస్సు పోతది. ఇగ డాక్టరమ్మతోని ఏం పని?”

కనకలక్ష్మి లేవలేదు. “అక్కా, మగ్గం గుంటల కూసుంటే బట్ట చుట్టే కర్ర పొట్టకు తాకుతుంది. మా పోరడు కడుపుల ఉన్నప్పుడు అయిదో నెలకు గని తాకలే. గిప్పుడు మూడో నెలకే తాకవట్టె. గిదేంది మరి?”

“తింటే తాకదా?” అన్నది అత్త.

“తిన్నది ఒక్క ముద్దన్న నిలుస్తుందా అత్తా?”

నెలలకు మించిన పొట్ట, ఆగని వాంతులు: హెచ్‌సీజీ మరీ ఎక్కువైతే ఇలా ఉండొచ్చన్న కాలేజీ పాఠం గుర్తొచ్చింది. గీత పడాలంటే ఒకే ప్రొటీన్‌ను కార్డులోని రెండు యాంటీబాడీలు చెరో వైపు పట్టుకోవాలి. ప్రొటీన్ మరీ ఎక్కువైతే దేనికి దొరికిన ప్రొటీన్‌ను అది విడిగా పట్టుకుంటుంది. జంట కుదరదు, గీత పడదు.

“పెద్దమ్మా, జర ఆగుండ్రి. నేను తప్పు రాసిన్నేమో.”

ప్రొటీన్ పలచబడేలా ఒక వంతు మూత్రంలో తొంభై తొమ్మిది వంతుల సెలైన్ కలిపి కొత్త కార్డు మీద చుక్కలు వేశాను. రెండో గీత ఎర్రగా పడింది. కార్డు పట్టుకుని వెళ్లి కాన్పు గది తలుపు కొట్టాను.

డాక్టరమ్మ పొట్ట పట్టి చూసి అదే పూట హైదరాబాద్ పంపారు. స్కానింగ్‌లో తేలింది: ముత్యాల గర్భం. అందులో బిడ్డ ఉండదు. పెరుగుదలను అదుపు చేసే తల్లి వైపు జన్యువులు లేక, మాయ కణాలే గుత్తులుగా పెరిగిపోతాయి. ఆ చీటీతో ఇంటికి పోయి ఉంటే, రక్తం పోయి ప్రాణం మీదికి వచ్చేది.

గర్భసంచి శుభ్రం చేశాక, ఏడాది దాకా కడుపు రావద్దన్నారు. మొదట వారం వారం, తర్వాత నెల నెలా మా దగ్గరే మూత్ర పరీక్ష: ఆ కణాలు మిగిలి పెరిగితే మళ్లీ గీత పడుతుంది, కొత్త కడుపు వచ్చినా పడుతుంది, తేడా తెలియదు. ఒక్కసారీ తప్పలేదు. సీసా పట్టుకుని అత్తే ముందు నడిచేది. “ఇయ్యాల గీత పడొద్దు బిడ్డా,” అని నా పక్కనే నిలబడేది. నేను ప్రతిసారీ రెండు కార్డులు పెట్టేదాన్ని, ఒకటి మామూలుగా, ఒకటి పలచన చేసి. కొన్ని వారాలకు రెండింటిలోనూ గీత పోయింది. మళ్లీ రాలేదు.

మనిషిని అడగకుండా ‘నెగెటివ్’ అని రాయకూడదని ఆ కేసుతో నేర్చుకున్నాను. “నీకేమనిపిస్తుంది?” అని ఆనాటి నుంచి ముందే అడుగుతున్నాను, ఇంట్లో పాప ఏడుస్తుంటుందని తెలిసిన ఆ రోజుల్లో కూడా అడిగాను. ఆనాటి రిజిస్టర్లో కొట్టివేసిన మాట పక్కన నా సంతకం ఉంది. కొత్తగా చేరినవాళ్లకు మొదట చూపించేది ఆ పేజీనే.