అక్క వేయించిన చెక్క అరుగు

పక్కింటి అక్క పోయిందని ఆమె భర్త విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడు, నేను ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి భుజాన బ్యాగుతోనే వంటింట్లో నిలబడి ఉన్నాను. "వెళ్ళిపోయిందమ్మా," అన్నారు బావగారు.

సౌదీలోని అల్ ఖోబర్‌లో మా రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడే అడ్డం. అక్క ఇక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. మాకు చుట్టరికం లేదు. వచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే చారు కాచి పంపింది. అప్పటినుంచి అక్కే.

జబ్బు బయటపడి కీమో మందులు ఎక్కించడం మొదలయ్యాక బడి మానేసింది. ఏసీ చలికి పాదాలు తిమ్మిరెక్కుతున్నాయనేది. ఒకరోజు, ఎండలో కాళ్ళు చాపుకోవడానికి పెరట్లో చెక్క అరుగు వేయిస్తానంది. బావగారికి విసుగొచ్చింది.

"అద్దె ఇంటికి ఎందుకే ఇదంతా? ఎప్పుడు ఎగ్జిట్ వీసా కొట్టించుకుని వెళ్ళిపోతామో తెలీదు."

"ఇన్నేళ్ళూ అదే అనుకుని ఒక్క మొక్కైనా నాటలేదు. ఇంకా అనుకోవడానికి నాకు ఓపిక లేదండీ."

ఆమెకు కాస్త బాగున్న సాయంత్రాల్లో నేనే కారులో దమ్మామ్ కలప దుకాణాలకు తీసుకెళ్ళేదాన్ని. నాకూ ఒళ్ళు హూనమై ఉండేది. అయినా కాదనాలనిపించేది కాదు. దుకాణంలో ఆమె కుర్చీ అడిగి కూర్చుని, పలకల్ని ఒడిలో పెట్టుకుని నిమిరేది. టేకు, పైన్, ప్లాస్టిక్ కలిపి చేసిన చెక్క, ఒక్కో ముక్క తెచ్చి మధ్యాహ్నపుటెండలో పెరట్లో పరిచాం. నేను చేత్తో తాకబోతే ఆపింది.

"చెయ్యి కాదే, పాదం పెట్టు. రేపు నిలబడేది పాదాలేగా."

ప్లాస్టిక్ కలిసిన నల్ల పలక చురుక్కుమంది. నేను గెంతాను. జబ్బు చేశాక ఆమె అంతగా నవ్వడం అప్పుడే చూశాను. పైన్ బాగానే ఉంది గానీ, ఈ ఎండకి పగుళ్ళిస్తుందన్నారు. చివరికి టేకే ఖాయం చేసింది. "హుందాగా పాతబడటం దీనికే వచ్చు," అంది.

పలకలు బిగించడానికి వచ్చిన వడ్రంగిది జగిత్యాల. దగ్గర దగ్గరగా వేయమంటే అతను ఒప్పుకోలేదు.

"నడుమ సందు ఇడువాలె మేడం. లేకుంటె ఇసుకంత పైన్నే ఉంటది."

"అలాగే కానివ్వండి. రోజూ ఊడవడానికి నేనుంటానా ఏంటి," అంది అక్క మామూలుగానే. అతను డ్రిల్లు పక్కన పెట్టి, పలకల నడుమ సందును మళ్ళీ ఒకసారి కొలిచాడు.

పని పూర్తయిన సాయంత్రం, చెప్పులు విప్పి అరుగు మీద నిలబడింది. తర్వాత మెల్లగా వెల్లకిలా పడుకుంది. నేనూ పక్కన ఒరిగాను.

"ఒంట్లో ఎలా ఉందని మాత్రం అడక్కు. అందరూ అదే అడుగుతున్నారు. ఊరికే ఉండు."

అలా ఊరికే ఉండటం ఎంత విశ్రాంతో మీకు చెప్పలేను. ఆ చలికాలం సాయంత్రాలన్నీ మాకు అక్కడే గడిచాయి. ఎండలు ముదిరేలోపు ఆమెను వైద్యానికి ఇండియా తీసుకెళ్ళారు.

కర్మకాండలు ముగించుకుని బావగారు ఒక్కరే తిరిగొచ్చారు. నిన్న సాయంత్రం గోడ మీంచి చూశాను. ఆఫీసు చొక్కా చేతులు మడిచి, మోకాళ్ళ మీద వంగి, గుడ్డతో పలకలకు నూనె పట్టిస్తున్నారు. గుమ్మం దగ్గర మొదలుపెట్టి అంచుదాకా వచ్చేశారు. మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాలంటే ఆ తడి మీదే నడవాలి. నడవలేదు. గుడ్డ చేతిలో పట్టుకుని, పెరటి ఇసుకలో నిలబడి, అది ఆరేదాకా చూస్తూ ఉండిపోయారు.