అవసరం ఉన్నట్టు ధ్రువీకరించడమైనది

బంగారు గనులు మూతపడి పన్నెండేళ్లు దాటిన తరువాత, ఒక ఫిబ్రవరి నెలలో నన్ను గనుల ఊళ్లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా అడ్మినిస్ట్రేటివ్ మెడికల్ ఆఫీసరు. ఆ కుర్చీలో కూర్చున్న డాక్టరు రోగులతో పాటు తక్కిన డాక్టర్ల సెలవు చీటీలు, అంబులెన్సు డీజిలు, కారే కుళాయిలు కూడా చూసుకోవాలి. మాది బంగారుపేట. రోజూ బస్సులో వచ్చిపోవచ్చు, ఇల్లు మారే పని లేదని సంతోషంగానే చేరాను.

ఆసుపత్రిలో ఫిజీషియన్ పోస్టు, అంటే పెద్దవాళ్ల జబ్బులు చూసే జనరల్ మెడిసిన్ నిపుణుడి పోస్టు, నేను వెళ్లేనాటికే ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. ఆ పనంతా మునిరాజు అనే కాంట్రాక్టు డాక్టరు ఈడ్చుకొస్తున్నాడు. చదివింది ఎంబీబీఎస్ మాత్రమే. బేతమంగళ పక్క పల్లెటూరు. ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు, రెండు ఆవులు ఉండేవి. పొద్దున్నే డైరీలో పాలు పోసి, అదే మోటారు సైకిల్ మీద డ్యూటీకి వచ్చేవాడు. అబద్ధం చెప్పడం బొత్తిగా చేతకాని మనిషి. దాన్ని మంచి గుణమని అందరూ మెచ్చుకునేవారు. ఆఫీసు వ్యవహారాల్లో అది అంగవైకల్యం కింద లెక్క.

ప్రతి గురువారం అతని దగ్గరికి గనుల్లో పనిచేసి మానిన ముసలివాళ్లు వచ్చేవారు. భూమి లోపల ఏళ్ల తరబడి పీల్చిన రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోతుంది. సిలికోసిస్ అంటారు. పోయేది కాదు. దగ్గు, ఆయాసం తగ్గడానికి మందులివ్వడం, అవసరమైతే ఆక్సిజన్ పెట్టడం తప్ప మేం చేయగలిగింది తక్కువ. మునిరాజు మాత్రం ఒక్కొక్కరి వీపు మీద స్టెతస్కోపు ఆనించి, పాట వింటున్నవాడిలా కళ్లు మూసుకుని చాలాసేపు వినేవాడు. అంతసేపు తమ మాట విన్న మనిషి ఇంకొకడు లేడని వాళ్లు చెప్పుకునేవారు.

మార్చిలో ఒకనాడు మునిరాజు నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. అమెరికాలో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ సీటు వచ్చిందట. అక్కడ ఏ దేశపు డాక్టరైనా సొంతంగా వైద్యం చేయాలంటే ముందు ఏదో ఒక ఆసుపత్రిలో కొన్నేళ్లు జీతం తీసుకుంటూ శిక్షణ పొందాలి. అదే రెసిడెన్సీ. అతనికి వచ్చింది జనరల్ మెడిసిన్‌లో మూడేళ్లది, జూలైలో మొదలు. పైగా ఆ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగం పెద్దది. పరీక్షలన్నీ రాత్రుళ్లు చదివి రాశానని చెప్పాడు. మాకెవరికీ తెలియదు.

"మంచిదే కదప్పా, ఇంగేమి?" అన్నాను.

"ఒక కాగితం కావల్లమ్మా," అన్నాడు.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఇలా శిక్షణకు వెళ్లే డాక్టర్లకు ఇచ్చే వీసాలో ఒక షరతు ఉంది. నేర్చుకున్నది తీసుకుని సొంత దేశానికి తిరిగి రావాలి. అందుకని, ఇలాంటి నిపుణుడు మాకు అవసరం అని సొంత దేశపు ప్రభుత్వం రాసివ్వాలి. ఆ అవసర ధ్రువీకరణ లేకపోతే వీసా అధికారి ముందు నిలబడే అర్హతే రాదు. చెప్పుకోవడానికి సబబుగానే ఉంటుంది. చిక్కంతా ఒక్కచోట ఉంది. దేశానికి ఈ మనిషి అవసరమని రాసిస్తేనే ఈ మనిషి దేశం విడిచి వెళ్లగలడు.

మునిరాజు పెట్టుకున్న అర్జీ పైకి వెళ్లి, ఒక్కో మెట్టే దిగుతూ ఏప్రిల్‌లో నా బల్ల మీదికి వచ్చింది. సదరు నిపుణుడి అవసరం మీ పరిధిలో ఉందా, లేదా, తెలియజేయండి అని ప్రశ్న. ఉంది, ఫిజీషియన్ పోస్టు ఏళ్లుగా ఖాళీ, ఊపిరితిత్తుల రోగులు ఎక్కువ అని రాశాను. వారంలో జవాబు వచ్చింది. మీ దగ్గర డాక్టర్ల కొరత అంత తీవ్రంగా ఉన్నప్పుడు ఉన్న డాక్టరును వదలడం ప్రజాహితం కాదు, కాబట్టి సిఫారసు చేయలేము.

సరే, పోస్టు ఖాళీ ఉన్నా ఒకరికొకరం సర్దుకుని పని నడుపుకోగలం, ఇతణ్ణి పంపడానికి మాకు ఇబ్బంది లేదని మళ్లీ రాశాను. దానికి మరుసటి వారం జవాబు. ఇబ్బంది లేదంటే అవసరం లేదన్నమాట, అవసరం లేనప్పుడు అవసర ధ్రువీకరణ ప్రసక్తే రాదు.

రెండు జవాబులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి మునిరాజుకు చూపించాను. నిదానంగా చదివి, "రెండూ కరెక్టుగానే ఉండాయి కదమ్మా," అన్నాడు. అతనితో వచ్చిన చిక్కే అది.

అప్పుడు నాకు తెలిసిన పాత దారి ఒకటి పట్టాను. రాతకోతలతో తేలని విషయాన్ని స్థలపరిశీలనకు పెట్టమని కోరడం. అంటే పై ఆఫీసు నుంచి ఒకరు వచ్చి స్వయంగా చూసి రాయాలి. మే నెల రెండో గురువారం రామకృష్ణప్ప అనే సూపరింటెండెంటును పంపారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. క్యారియరులో రాగిముద్ద, చారు సొంతంగా తెచ్చుకున్నాడు. లంచం మాట దేవుడెరుగు, మా కాఫీ కూడా ముట్టలేదు. అలాంటివారి చేత పని చేయించుకోవడం మరీ కష్టం.

పరిశీలన ఉందని ముందుగా తెలిసి, రోగులను కొంచెం ఎక్కువమందిని రమ్మనమని మునిరాజుకు చెప్పాను. రోగులతో నాటకం ఆడించలేనన్నాడు. ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తారు, ఉన్నది ఉన్నట్టు చూసుకోనీండి అన్నాడు. న్యాయమే అనుకుని ఊరుకున్నాను.

అయితే ఊళ్లో వార్త ముందే పాకింది. టీ అంగడి దగ్గర ఎవరో వివరంగా చెప్పారట. ఆఫీసరు వచ్చి జబ్బు ఉందని రాసుకుంటే మన డాక్టరు అమెరికాకు పోతాడు, లేదని రాసుకుంటే ఇక్కడే ఉంటాడు అని. చెప్పినవాడు తప్పు చెప్పలేదు.

ఆ గురువారం వరండా బెంచీల మీద ముప్పై మందికి పైగా కూర్చున్నారు. అందరూ తెల్ల చొక్కాలు, నున్నగా గీసిన గడ్డాలు. ఒక్కరూ దగ్గడం లేదు. ఆ వరండాలో నేను నిశ్శబ్దం వినడం అదే మొదటిసారి.

రామకృష్ణప్ప మొదటి బెంచీ దగ్గర ఆగాడు. అక్కడ దొరస్వామి కూర్చుని ఉన్నాడు. భూమి లోపల రాతికి రంధ్రాలు తొలిచే పని ఇరవై ఏళ్లకు పైగా చేసినవాడు, ఆ గుంపుకంతా పెద్ద. ఇంట్లో తమిళం, మాతో తెలుగు.

"ఏమి కాయిలానప్పా నీకు?" అని అడిగాడు రామకృష్ణప్ప.

"ఒణ్ణు లేదు సార్. బాగుండాను."

"మరి ఆసుపత్రికి ఎందుకు వచ్చినావు?"

దొరస్వామి ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, "డాక్టరుని చూసి పోదామని వచ్చినాను సార్. ఆయన బాగుండాడా లేదా అని," అన్నాడు.

పక్కవాడు గాలికి వచ్చానన్నాడు. ఇంకొకడు బస్సు కోసం కూర్చున్నానన్నాడు. మా వరండాకు బస్సు రాదు. రామకృష్ణప్ప అన్నీ శ్రద్ధగా రాసుకుంటున్నాడు. మునిరాజు ఒక్కొక్కరి మొహం చూస్తూ, ఏం జరుగుతున్నదో అర్థం కాక, "దొరస్వామన్నా, నిన్న రాత్రి నిద్ర లేదంటివి కదా?" అన్నాడు. దొరస్వామి అతనికేసి చూడకుండా గోడకేసి చూశాడు.

రామకృష్ణప్ప నా వైపు తిరిగాడు. "అమ్మా, గనులు మూసేసినారు. గని కూలీ అనే పద్దే మా ఆఫీసులో లేదు. కూలీలు లేరు, జబ్బూ లేదు. ఇంగ అవసరం ఉండాదని నేను ఎట్లా రాసేది?"

అప్పుడే దొరస్వామి మొహం నల్లబడడం గమనించాను. గొంతు నరాలు ఉబ్బాయి. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మునిరాజు ఒక్క అంగలో అతని దగ్గరికి చేరాడు. అంతలో దగ్గు తన్నుకుని వచ్చింది. అది ఒక్కడితో ఆగలేదు. పక్కవాడు అందుకున్నాడు, వెనక బెంచీ అందుకుంది. పొద్దుటి నుంచి ముప్పై ఛాతీల్లో అణచిపెట్టిన దగ్గు ఒక్కసారి బయటపడింది. ప్రహరీ అవతల ఎవరిదో కొట్టంలో కట్టిన ఆవు తాడు తెంచుకుని పరిగెత్తింది. బస్సు కోసం వచ్చినవాడు బెంచీ మీద నుంచి కిందికి జారాడు. వాళ్లలో కొందరు దగ్గుతూనే నవ్వుతున్నారు, నవ్వుతున్నందుకు ఇంకా దగ్గు వస్తోంది.

రామకృష్ణప్ప పెన్ను మూత పెట్టాడు. "చాలమ్మా," అన్నాడు. "అవసరం వినబడింది."

దొరస్వామి పరిస్థితి మాత్రం నవ్వే విషయం కాదు. లోపలికి మోసుకెళ్లి ఆక్సిజన్ పెట్టాం. నెబ్యులైజరు, అంటే మందును ఆవిరిలా చేసి పీల్పించే యంత్రం, మునిరాజు తన చేత్తోనే పట్టుకుని గంటకు పైగా కూర్చున్నాడు. తేరుకున్నాక దొరస్వామి మొదట, వదిలిపోతున్నావని అతణ్ణి తిట్టాడు, తరువాత, అడ్డుపడినందుకు క్షమించమన్నాడు.

"మూడేళ్లలో వచ్చేస్తానన్నా," అన్నాడు మునిరాజు.

"గని మూసేటప్పుడూ మళ్లా తెరుస్తామనే చెప్పినారప్పా," అన్నాడు దొరస్వామి. "నువ్వు పో. పోయే వాళ్లని పట్టుకుంటే మనకి దమ్ము వస్తాదా?"

రామకృష్ణప్ప నివేదిక నిజాయతీగా రాశాడు. అవసరం తీవ్రంగా ఉన్నది అన్నాడు. అయితే తాను చూసినదే కాబట్టి, ప్రస్తుత డాక్టరు ఎంతో సమర్థంగా వైద్యం చేస్తున్నాడని కూడా చేర్చాడు. పై ఆఫీసు ఆ వాక్యాన్ని పట్టుకుంది. అవసరం ఉంది, దాన్ని తీర్చే సమర్థుడూ ఉన్నాడు, ఇక శిక్షణ ఎందుకు?

జూన్ వచ్చేసింది. ఆ ప్రశ్న అందిన సాయంత్రమే కూర్చుని జవాబు తయారు చేశాను. ప్రస్తుత డాక్టరుకు ఊపిరితిత్తుల జబ్బులలో నిపుణుల స్థాయి శిక్షణ లేదు, సదరు రోగులకు తగిన వైద్యం చేయడంలో అతను అసమర్థుడు, అతను ఇక్కడ ఉన్నా ఆ అవసరం తీరదు. దీనికింద అతని అంగీకార సంతకం కూడా ఉండాలి. నా ఉద్యోగంలో నేను చూసిన మంచి డాక్టర్లలో ఒకడికి ఆ కాగితం చదవమని ఇచ్చాను.

మునిరాజు 'అసమర్థుడు' అనే మాట దగ్గర ఆగాడు. నొచ్చుకున్నాడనుకున్నాను. కాదు. "సిలికోసిస్‌కి తగిన వైద్యం ఎవురి దగ్గరా లేదు కదమ్మా. నన్నొక్కడినే అసమర్థుడంటే అది సరిగ్గా ఉండదు," అన్నాడు.

"సంతకం పెట్టు నాయనా," అన్నాను.

పెట్టాడు. అదే పని చేసింది. జూన్ మధ్యలో ధ్రువీకరణ వచ్చింది.

వీసా ఇంటర్వ్యూకు బంగారుపేటలో రైలెక్కి చెన్నై వెళ్లాడు. జరిగింది తిరిగి వచ్చాక చెప్పాడు. వీసా అధికారి ముందు రెండు కాగితాలున్నాయి. ఇతను అసాధారణ ప్రతిభావంతుడని అమెరికా ఆసుపత్రి రాసింది ఒకటి. ధ్రువీకరణ వెంట జతచేసిన, ఇతను అసమర్థుడన్న నా జవాబు రెండోది. ఇందులో ఏది నిజమని ఆయన అడిగాడట. రెండూ నిజమే, వాళ్లు నా మార్కులు చూశారు, మా మేడమ్ నా రోగులను చూశారు అని మునిరాజు జవాబు. ఆయన వీసా ఇచ్చాడు. జూన్ ఆఖరి వారంలో మునిరాజు విమానం ఎక్కాడు. గురువారాలు నా పనిలోకి వచ్చాయి. రోగులు నా స్టెతస్కోపును ఓపిగ్గా భరించారు.

ఇక్కడితో అయిపోతే చెప్పవలసింది ఏమీ ఉండేది కాదు. అవసరం ఉన్నట్టు ప్రభుత్వమే ధ్రువీకరించింది కదా అని, ఆ ధ్రువీకరణనే జతచేసి, ఊపిరితిత్తుల నిపుణుడి పోస్టు ఒకటి మంజూరు చేయమని నేను ప్రతిపాదన పంపాను. నా సర్వీసులో అంత గట్టి ఆధారంతో పంపిన ప్రతిపాదన మరొకటి లేదు. జవాబు క్లుప్తంగా వచ్చింది. సదరు అవసరం నిమిత్తం ఒక అభ్యర్థి ఇప్పటికే విదేశంలో శిక్షణ పొందుతున్నందున కొత్త పోస్టు ప్రశ్న తలెత్తదు. అభ్యర్థి రాక కొరకు వేచి ఉండవలెను.

వేచి ఉన్నాం. దొరస్వామి రెండో చలికాలంలో పోయాడు. గురువారం బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి.

మూడేళ్లు నిండే సమయానికి మునిరాజు ఫోన్ చేశాడు. తిరిగి వెళ్లాలన్న షరతుకు అక్కడ ఒక మినహాయింపు ఉందట. డాక్టర్లెవరూ పోని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తే షరతు తీసేస్తారు. ఇతనికి కొండల్లో ఒక బొగ్గు గనుల ఊరు దొరికింది. గనులు మూసేశారట. ముసలివాళ్లు దగ్గుతుంటారట. అక్కడ డాక్టరు అవసరమని ఆ ప్రాంతపు అధికారి ఒకే ఒక ఉత్తరం రాశాడు, సరిపోయింది.

"ఆ మూడేళ్లు అయినాక వస్తావా?" అని అడిగాను.

"వస్తానని చెప్పలేనమ్మా. రానని కూడా చెప్పలేను," అన్నాడు. వేరొకడైతే వస్తానని చెప్పి ఫోన్ పెట్టేసేవాడు.

అభ్యర్థి వచ్చే అవకాశం కనబడటం లేదు, దయచేసి పోస్టు మంజూరు చేయండని పైకి రాశాను. తాను రానని అభ్యర్థి రాతపూర్వకంగా తెలియజేస్తే పరిశీలిస్తామన్నారు. మునిరాజు అలా రాసివ్వడు, అది నిజమో కాదో అతనికే తెలియదు. నేను రిటైరయ్యే నాటికి ఫైలు మీద అభ్యర్థి రాక కొరకు అనే ఉంది.

ఈ వ్యవహారం వల్ల నేను నేర్చుకున్నది చిన్న పద్ధతి ఒకటి. పై నుంచి ఉందా, లేదా అని ప్రశ్న వస్తే, పంపేముందు ఒక చిత్తు కాగితం మీద రెండు జవాబులూ రాసి చూసుకునేదాన్ని. రెండింటికీ ఫలితం ఒకటే అయినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాసి, సంతకం చేసి, తరువాతి రోగిని లోపలికి పిలిచేదాన్ని.