అవకాశం ఎవరిచ్చారు?

మైకు కుయ్యిమంటుంది. ఎవరో దాన్ని వేలితో తట్టి "హలో, హలో" అంటారు. నెల్లూరులో ఏ సభకు వెళ్లినా ఆ కీచు వినగానే నా వీపు దానంతటదే నిటారవుతుంది. వెంటనే రత్నమ్మ టీచర్ గొంతు వినబడుతుంది: "ఎవరికిమే ధన్యవాదాలు? నోరు నీదే గదా!"

ఆమె మా మైపాడు బడిలో తెలుగు చెప్పేది. పొట్టి మనిషి. ఆదివారం చర్చికి వెళ్లేది, మిగతా రోజులు మా మీదికి వచ్చేది. వక్తృత్వ పోటీకి నన్ను ఎంపిక చేసి, బడి వదిలాక ఖాళీ గదిలో నిలబెట్టి, తాను చివరి బెంచీలో కూర్చుంది. నేను అందరిలాగే మొదలుపెట్టాను: "వేదికనలంకరించిన పెద్దలకు, నాకు ఈ అవకాశం ఇచ్చిన..." "ఆపుమే," అంది. "అవకాశం వాళ్ల జేబులో ఉందా, తీసి ఇచ్చేదానికి? ఇచ్చినారని నువ్వే ఒప్పుకుంటే మళ్లీ తీసుకుంటారు. నేరుగా విషయానికి రా." అరిస్తే, "నేనేమన్నా నడిసముద్రంలో ఉన్నానా?" అని ఎగతాళి చేసేది. గొణిగితే కిటికీలోంచి బయటికి చూసేది. ప్రశ్న వేసి నేనే జవాబు చెప్పేస్తే మాత్రం నిజంగానే కోపం వచ్చేది. "అడిగినాక నోరు మూసుకో. వాళ్లని ఆలోచించుకోనీ."

ఆమెతో నాకు పేచీ ఒక్కచోటే. "దేవుడున్నాడని రుజువేంది టీచర్?" అని ఒకసారి అడిగేశాను. చెంప పగులుతుందనుకున్నాను. "అడగడం బాగనే అడిగినావు. చివర్లో గొంతెందుకు తగ్గించినావు? నా మొహం చూసి భయపడినావా?" అంది. తన నమ్మకాన్ని ఆమె వదల్లేదు, నా ప్రశ్నను నన్ను వదలనివ్వలేదు.

నేను కాలేజీలో చేరేనాటికి నాన్న లేడు. అమ్మ తెల్లవారకముందే రేవుకు వెళ్లి, పడవల దగ్గర చేపలు కొని, గంపకెత్తుకుని ఊళ్లో అమ్మేది. ఆ ఏడు వేట సాగలేదు. విధవ ఎదురొస్తోంది కాబట్టే వలలు ఖాళీగా వస్తున్నాయన్నారు. అమ్మ ఇక రేవులో అడుగు పెట్టకూడదని కట్టుబాటు చేయడానికి ఒక సాయంత్రం పెద్దలు ఊరిని కూర్చోబెట్టారు. అద్దె మైకు కూడా పెట్టారు. రేవు లేకపోతే మా ఇంట్లో పొయ్యి లేదు. అమ్మ తలొంచుకుని కూర్చుంది. నేను లేచి మైకు అందుకున్నాను. భయంలో టీచర్ మాన్పించిన పాత మాటే నోట్లోంచి వచ్చింది: "నాకు ఈ అవకాశం ఇచ్చిన పెద్దలకు..."

ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు నవ్వాడు. "ఇచ్చినాం గదా పాపా. చాల్లే, కూర్చో."

అందరూ నవ్వారు. సంగతి తెలిసి వచ్చినట్టుంది, వెనక ఆడవాళ్ల మధ్య రత్నమ్మ టీచర్ కనిపించింది. నవ్వడం లేదు. నా కళ్లలోకి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా," అన్నాను. "నన్ను మాట్లాడమని మీరెవురూ చెప్పలా. నేనే లేచినా. ఒకటే అడుగుతా. పోయిన వారమంతా మా అమ్మ జ్వరంతో మంచం దిగలా. రేవు మొహమే చూడలా. ఆ వారం ఎవురి వల నిండింది? చెప్పండి."

అడిగి నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని మరొకటి చేయలేదు. పెద్దకాపు పక్కనున్న పెద్దల వైపు చూశాడు. చివరికి వెనకనుంచి ఎవరో అన్నారు: "నా వల్లో పీత కూడా పడలేదుమే!" మళ్లీ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. "ఇంకోసారి చూద్దాం" అంటూ పెద్దకాపు లేచాడు. ఆ ఇంకోసారి ఇంతవరకు రాలేదు. మర్నాడు అమ్మ గంపతో రేవుకు వెళ్లింది. కొందరు మొహం తిప్పుకున్నారు. తిప్పుకోనీ! చేపలు మాత్రం అమ్మారు.

సభ ముగిసిన ఆ సాయంత్రమే, తిరుగు బస్సు ఎక్కుతూ టీచర్ అన్నది ఒక్కటే: "మొదటి మాటకి మార్కుల్లేవుమే. మిగతాది పర్లేదు."

ఆమె పోయి చాలా కాలమైంది. నాకు మర్యాద తెలియదని, పొగరని సభలు పెట్టేవాళ్లు చెప్పుకుంటారని విన్నాను. చెప్పుకోనీ. ఈరోజు కూడా నా ముందు మాట్లాడినవాళ్లంతా అవకాశమిచ్చిన పెద్దలకు వంగి వంగి ధన్యవాదాలు చెప్పారు. నా పేరు పిలిచారు. లేచి వెళ్లి, మైకు నా ఎత్తుకు దించుకుని, చివరి వరుస వైపు చూశాను.

"వెనకున్నవాళ్లకు వినబడుతోందా?"